ఇల్లు చూడ్డమంటే ఏం చూడ్డం?

కొనబోయే ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు దిక్కులు చూస్తారు. ఈశాన్యం పెరిగిందా, వంటగది ఆగ్నేయంలోనే ఉందా, గుమ్మం ఎటు తిరిగింది. తర్వాత టైల్సు, ఫాల్స్ సీలింగు, బాల్కనీలోంచి ఏం కనిపిస్తుందన్నది. వెంట పెద్దవాళ్లెవరైనా ఉంటే గోడను వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఎక్కడో ఓ సన్నటి బీట దొరుకుతుంది, బేరం అక్కణ్నించి మొదలవుతుంది. మెయిన్ బోర్డు మూత తెరిచి చూసేవాళ్లు నూటికి ఒక్కరుంటే గొప్ప.

ఈ లోటు తీర్చడానికి హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల డబ్బు తీసుకుని ఇల్లు తనిఖీ చేసిపెట్టేవాళ్లు వచ్చారు. థర్మల్ కెమెరా, తేమ మీటరు, టైల్సు తట్టి చూసే కర్ర తెచ్చుకుంటారు. పోతూ పోతూ ఫొటోలతో నిండిన లావుపాటి నివేదిక చేతిలో పెడతారు. పనికొచ్చేదే. కానీ అందులో బోలుగా మోగే టైలుకూ, ఎర్తింగు లేని గీజరు ప్లగ్గుకూ తరచూ ఒకే సైజు ఫొటో, ఒకే ఎర్ర గుర్తు. చదివినాయన టైలు మార్పించుకుని తృప్తి పడతాడు. మన ఇళ్లలో మామూలుగా బయటపడే లోపాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. మనల్ని భయపెట్టేవి వేరు, జేబు ఖాళీ చేసేవి వేరు, ప్రాణం మీదికి తెచ్చేవి వేరు. ఈ చివరి రకం చాలావరకు తక్కువ ఖర్చుతో బాగుపడేవే. అయినా అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేది వాటినే.

అందరి భయం బీటల మీద కాబట్టి వాటితోనే మొదలుపెడదాం. ఇంట్లో కనిపించే బీటల్లో ఎక్కువ భాగం పైపూతవే. కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసేచోట నిలువుగానో, దూలం కింద అడ్డంగానో గీత గీసినట్టు వస్తే, ఆ రెండూ ఎండకూ చలికీ వేర్వేరుగా సాగి ముడుచుకుంటున్నాయన్న మాట. అతుకు మీద చికెన్ మెష్ కొట్టకుండా ప్లాస్టరింగు కానిచ్చేశారన్న మాట కూడా. ఎర్ర ఇటుక పోయి బూడిద ఇటుక, ఏఏసీ బ్లాకులు వచ్చాక ఈ గీతలు పెరిగాయి. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఆ ఇటుకల్లో లోపమేమీ లేదు. పాత అలవాటు కొద్దీ కట్టి, సరిగా నీళ్లు పట్టకుండా, ఆరకముందే పూత పూస్తే ముడుచుకుని బీటలిస్తాయి. చూడ్డానికి బాగుండవు, అంతకుమించి ప్రమాదం లేదు.

పట్టించుకోవాల్సిన బీట వేరేలా ఉంటుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతుంది, ఒక కొస సన్నగా, ఒక కొస వెడల్పుగా ఉంటుంది. అదే గదిలో తలుపు పట్టేస్తుంటే పునాది కదులుతోందని అనుమానించాలి. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడిలో ఇది మామూలు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల మీద లోతు తక్కువ పునాదులు వేస్తే ఇల్లు ఏటా కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. ఒక మూల పైపు కారి నేల తడుస్తుంటే ఆ మూల ఇంకా ముందే కదులుతుంది. అలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్‌ను వాడుకలోకి తెచ్చింది. బీట ఇంకా కదులుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. దాని మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కను సిమెంటుతో అతికించి, తేదీ రాసి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం వదిలేస్తే చాలు. గాజు పగిలిందంటే ఇంజనీరును పిలవాలి. పగలకపోతే పెయింటరును పిలిస్తే సరిపోతుంది.

నిజానికి భవనాలను పడగొట్టేది ఈ గోడ బీటలు కాదు. 2024 నవంబరులో హైదరాబాద్ సిద్దిఖీ నగర్‌లో ఒక నాలుగంతస్తుల భవనం ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. పక్క స్థలంలో పునాది కోసం గొయ్యి తవ్వారు. ప్రాణాలు దక్కాయి గానీ భవనాన్ని కూల్చేయాల్సి వచ్చింది. 2025 మార్చిలో భద్రాచలంలో కడుతున్న ఆరంతస్తుల భవనం కూలినప్పుడు, పాత నిర్మాణం మీదే అంతస్తులు పెంచుకుంటూ పోయారన్న ఆరోపణ వచ్చింది. అందుకే ఇల్లు చూసేవాళ్లు గోడల కన్నా ముందు ఆమోదించిన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయి, కళ్లెదుట ఎన్ని ఉన్నాయి లెక్కపెట్టుకోవాలి. పెంట్‌హౌస్ అన్న ముద్దు పేరుతో లేచిన చివరి అంతస్తు చాలాచోట్ల లెక్కలో లేనిదే.

జేబు ఖాళీ చేసే పద్దులో మొదటి పేరు నీళ్లది. బాత్రూము, మేడ పైభాగం, బయటి గోడ, ఈ మూడు చోట్ల నుంచే చెమ్మ పుడుతుంది. చిక్కేమిటంటే పుట్టిన చోట కనిపించదు. పడమటి బెడ్‌రూమ్‌ గోడ మీద మరక ఉంటే, దానికి కారణం నాలుగడుగుల అవతల పై ఫ్లాటు బాత్రూములో ఉండొచ్చు. బాత్రూము స్లాబును కిందికి దించి పోసి, ఆ పల్లంలో పైపులు పరిచి, ఇటుక ముక్కలో సిండరో నింపి, పైన టైల్సు వేస్తారు. నేల మీది నీళ్లు దిగే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న అతుకు వదిలితే నీళ్లు ఆ నింపుడులో నెలల తరబడి నిలిచి, చోటు దొరికిన వైపు దిగుతాయి. కింది ఫ్లాటువాళ్లు ఫిర్యాదు చేస్తారు, పైవాళ్లు “మా బాత్రూము పొడిగానే ఉంది కదా” అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగుల్లో సగం అరుపులకు మూలం ఇదే. దీనికి తిరుగులేని పరీక్ష ఒక్కటే: ట్రాప్ మూసి, నేల మీద రెండంగుళాల నీళ్లు కట్టి, ఒకటి రెండు రోజులు అలాగే ఉంచి కింది నుంచి చూడ్డం. టైల్సు వేయకముందు చేస్తే లోపాన్ని ఒక పూటలో సరిచేయొచ్చు, వేశాక చేస్తే బాత్రూము మొత్తం పగలగొట్టాలి. అందుకే ఇల్లు కట్టించుకునేవాళ్లకు తనిఖీ విలువ, కట్టినది కొనుక్కునేవాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

మేడ మీద చూడాల్సింది వాలు, పిట్టగోడ అడుగు, నీళ్లు దిగే గొట్టాల మూతి. రావి ఆకులతో, పావురాల ఈకలతో పూడిన ఒక్క మూతి చాలు, వాన నీళ్లు నిలిచి పిట్టగోడ అతుకులోంచి దారి చేసుకుంటాయి. ఎండ వేడి తగ్గడానికి వేసే తెల్ల రంగును వాటర్‌ప్రూఫింగ్ అనుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. ఆ రెండు పనులూ వేరు.

చెమ్మను ఏళ్ల తరబడి వదిలేస్తే అది పెచ్చుల దాకా వస్తుంది. తేమ, గాలి కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుమును పట్టుకుంటాయి. తుప్పు పట్టిన ఇనుము అంతకుముందుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది, పైనున్న కాంక్రీటును నెట్టి ఊడగొడుతుంది. సజ్జలు, బాల్కనీ అడుగులు, బాత్రూము స్లాబుల కింది వైపు మొదట పోతాయి. విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరగా కానిస్తుంది. సముద్రతీరపు కట్టడాల్లో ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని ఐఎస్ 456 నియమావళి చెబుతుంది. సెంట్రింగ్ మీద ఇనుము పరిచేటప్పుడు కింద కవర్ బ్లాకులు పెట్టకపోతే ఆ 45 కాస్తా పదికి దిగుతుంది. ఇక పాత ఇంటిని అమ్మకానికి పెట్టేముందు జరిగే తంతు తెలిసిందే: ఊడినచోట సిమెంటు మెత్తి, లప్పం పెట్టి, రంగు కొడతారు. లోపలి తుప్పు తీయకుండా చేసిన ఈ పని ఎక్కువ కాలం నిలవదు. చుట్టుపక్కల అంతా పాత రంగుండి ఒక్క సీలింగు మాత్రం కొత్తగా మెరుస్తుంటే, ఎందుకని అడగాలి.

ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు కొనరు. కానీ ఇల్లు చూడ్డానికి అంతకన్నా మంచి నెల లేదు. మార్చిలో ఎండి ఫెళఫెళలాడే గోడ వానలు దిగాక అసలు రంగు చెబుతుంది. సెల్లారులో నీళ్లు ఎంతవరకు వస్తాయో, వీధి నీళ్లు ఎటు పోతాయో అప్పుడే తెలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. అలాంటి చోట ఇల్లు చూసేవాళ్లకు గోడ మీది పాత బురద గీత చాలా సమాచారం ఇస్తుంది. మునిగిన ఇంట్లో మోకాలి ఎత్తు ప్లగ్గుల్లో, వాటి వెనక పైపుల్లో చేరిన ఒండ్రు తీయించకుండా కరెంటు ఇచ్చారా అన్నదీ అడగాల్సిందే.

ఇక అసలు విషయానికి వద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం మన దేశంలో కరెంటు షాక్‌తో చనిపోయేవాళ్లు ఏటా 10 వేలకు పైనే. అన్నీ ఇళ్లలోనివి కావు. కానీ పేపర్ల జిల్లా పేజీల్లో కొన్ని వార్తలు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంటాయి: దండెం మీద తడి బట్టలు ఆరేస్తూ ఒకరు, ఆమెను పట్టుకోబోయి ఇంకొకరు, బకెట్లో హీటర్ రాడ్ పెట్టి, స్విచ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లు, నీళ్ల మోటారు ఆన్ చేయబోయినవాళ్లు. దండెం కథ ప్రత్యేకంగా మనదే. ఇనుప తీగను ఒక కొస కరెంటు సర్వీసు పైపుకో, రేకుల షెడ్డు గొట్టానికో కడతారు. సర్వీసు వైరు ఎక్కడో ఒరుసుకుని తోలు ఊడుతుంది, కరెంటు రేకుల్లోకి, రేకుల నుంచి తీగలోకి వస్తుంది. ఆ తీగ స్థానంలో ప్లాస్టిక్ తాడు కడితే చాలు.

ఇంట్లో కరెంటు భద్రతకు రెండు కాళ్లు: ఎర్తింగు, ఆర్సీసీబీ. మీట కిందికి పడే చిన్న ఎంసీబీలను చూసి చాలామంది అవే షాక్ నుంచి కాపాడతాయనుకుంటారు. అవి కాపాడేది వైరును, మనిషిని కాదు. ఎంసీబీ పడాలంటే పదుల ఆంపియర్లు కావాలి, మనిషి ప్రాణం పోవడానికి అందులో వెయ్యో వంతు చాలు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు ఒకటి కాకపోతే, తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే సెకనులో మూడో వంతు లోపు సరఫరా ఆపేసేది ఆర్సీసీబీ. ధర రెండు మూడు వేల రూపాయలు. దాని మీద టి అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే పడిపోవాలి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ బటన్ నొక్కడానికి ఇంటివాళ్ల అనుమతి, ఒక వేలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

అయితే ఆర్సీసీబీ కనిపించినంత మాత్రాన సరిపోదు. ఇన్వర్టరు పెట్టేటప్పుడు రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిసిపోవడం మన దగ్గర సర్వసాధారణం. అప్పట్నించి ఆర్సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. విసుగెత్తిన ఇంటాయన ఎలక్ట్రీషియన్ను పిలుస్తాడు. న్యూట్రల్ ఎక్కడ కలిసిందో వెతకడం పూట పని, ఆర్సీసీబీని పక్కన పెట్టి వైర్లను నేరుగా కలిపేయడం ఐదు నిమిషాల పని. బోర్డులో అది అలంకారంగా మిగిలిపోతుంది. ఏసీ వేస్తే 16 ఆంపియర్ల ఎంసీబీ పడుతోందని 32 పెట్టడం కూడా ఇలాంటి మరమ్మతే. గోడలో ఉన్నది మాత్రం అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఇప్పుడు మీట పడకముందే వైరు కాలుతుంది.

ఎర్తింగులో మోసం ఇంకా లోతైనది. మూడు కన్నాల ప్లగ్గు ఉంది కాబట్టి ఎర్తు ఉందనుకుంటాం. పాత డాబాల్లో ఆ పై కన్నం వెనక ఏ వైరూ ఉండకపోవచ్చు. కొన్నిచోట్ల న్యూట్రల్‌నే ముక్క వైరుతో ఆ కన్నానికి కలిపేస్తారు. టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే బల్బు చక్కగా వెలుగుతుంది, పరీక్ష పాసయినట్టే ఉంటుంది. ఎప్పుడో న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే. అందుకే ప్లగ్గు విప్పి చూడాలి, ఎర్తు పిట్ ఎక్కడుందో అడగాలి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ గుంతలో ఎండాకాలం నీళ్లు పోసే ఆచారం పాత తరం ఎలక్ట్రీషియన్లకు ఉండేది. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో ఆ గుంత ఏ కారు కింద ఉందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు.

కరెంటు నుంచి మంటలకు ఎంతో దూరం లేదు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో తెల్లారుజామున ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు, పిల్లలతో సహా. కింద దుకాణాలు, పైన కాపురం, బయటికి రావడానికి ఇరుకు దారి. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో మంటలకు తొమ్మిది మంది పోయింది కాపురాలున్న అపార్ట్‌మెంటులోనే. కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉంచారు. ఈ రెండు ఘటనల్లోనూ చనిపోయినవాళ్ల ఇంటి లోపల ఎంత తనిఖీ చేసినా అసలు ప్రమాదం కనిపించేది కాదు. అది మెట్ల దగ్గరా, గ్రౌండ్ ఫ్లోర్‌లోనూ ఉంది. మన అపార్ట్‌మెంట్లలో కరెంటు మీటర్ల ప్యానెల్ ఎక్కువగా మెట్ల కిందే ఉంటుంది. దాని ముందే బైకులు, పాత పరుపులు, అట్టపెట్టెలు. ఈమధ్య అక్కడే ఎలక్ట్రిక్ స్కూటర్ల ఛార్జింగు. మీటర్లు అంటుకుంటే పొగ నేరుగా మెట్లెక్కుతుంది, దిగడానికి ఉన్నది ఆ మెట్లే. పైకి పరిగెత్తితే మేడ తలుపుకు తాళం, తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ దగ్గర. బాల్కనీకి పోతే కోతుల కోసం పెట్టించిన గ్రిల్లు. కోతుల బాధ తెలంగాణలో నిజమైన బాధే, గ్రిల్లు వద్దనలేం. అందులో లోపలి నుంచి తెరుచుకునే కిటికీ ఒకటి పెట్టమనడమే.

గ్యాసు సంగతిలో మాడ్యులర్ కిచెన్లు కొత్త చిక్కు తెచ్చాయి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, కారితే కిందికి దిగి పేరుకుంటుంది. పైనున్న చిమ్నీ దాన్ని లాగలేదు. సిలిండరును బిగుతైన అలమరలో దాస్తే ఆ గ్యాసు అక్కడే ఉంటుంది, కాబట్టి అలమర అడుగున గాలి పోయే కంతలు ఉండాలి. నారింజ రంగు సురక్ష ట్యూబుకు ఐదేళ్ల ఆయుష్షు, దాని మీద ముద్రించిన తేదీ చూసుకోవచ్చు. సిలిండరు మెడ లోపలి వైపు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన ఏడాది ఉంటాయి. సీ 27 అంటే 2027 జులై నుంచి సెప్టెంబరు లోపు దాన్ని మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. బాత్రూములో గ్యాసు గీజరు కనిపిస్తే నా సలహా ఒక్కటే, తీయించేయండి. తలుపులు మూసిన చిన్న గదిలో అది పుట్టించే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, స్నానానికి వెళ్లినవాళ్లు అలాగే ఒరిగిపోతారు.

పిల్లలున్న ఇంటికి ఇంకొన్ని ఉన్నాయి. బాల్కనీ రెయిలింగు మీటరుకు తగ్గకూడదు. అడ్డ కమ్ములుంటే ఎంత ఎత్తున్నా లాభం లేదు, పిల్లలకు అవే మెట్లు. సంపు మూత బరువుగా, తాళం వేసి ఉండాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని ఊరికే దించకూడదు, లోపల ఊపిరి ఆడక పోయినవాళ్ల వెంట కాపాడబోయి దిగినవాళ్లూ పోతారు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లో ఆరేళ్ల బాలుడు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుని చనిపోయాక, తలుపు సరిగా పడకుండా లిఫ్టు కదులుతోందా అని కొన్నాళ్లు అందరూ చూశారు.

ఇంతకీ ఇవన్నీ ఎవరు చూడాలి? అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. డాలస్‌లో ఇల్లు కొంటే ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి కప్పు నుంచి పునాది దాకా చూసి నివేదిక ఇస్తాడు, అది చూశాకే కొనుగోలు ఖాయం చేస్తారు. టెక్సాస్‌లో ఆ పని చేయడానికి రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు కావాలి. అదే మనిషి కొండాపూర్‌లో ఫ్లాటును వీడియో కాల్‌లో చూసి అడ్వాన్సు పంపుతాడు. ఇక్కడ ఇంటి తనిఖీకి ప్రత్యేకంగా లైసెన్సంటూ లేదు కాబట్టి ఎవరైనా కెమెరా పట్టుకుని బయల్దేరొచ్చు. ఆ థర్మల్ కెమెరా చూపించేది వేడిలో తేడాను, నీటిని కాదు. తడి గోడ చల్లగా కనిపిస్తుంది, ఏసీ వెనక గోడా అలాగే కనిపిస్తుంది. చూపించిన మచ్చను తేమ మీటరుతో నిర్ధారించని నివేదిక సగం నివేదికే. ఏ నివేదిక అయినా పెద్ద అక్షరాల్లో చెప్పాల్సినవి మూడే: ఆర్సీసీబీ పనిచేస్తోందా, ఎర్తు నిజమైనదేనా, మంటలొస్తే బయటికి రెండో దారి ఉందా. మిగిలినదంతా ఆ తర్వాతి పేజీల్లో ఉండొచ్చు.

కొత్త ఫ్లాటు కొన్నవాళ్ల వెనక చట్టం ఉంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి, దాన్ని కొన్నవాళ్లు బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సింది బిల్డరే. నోటిమాటగా కాక ఫొటోలతో, తేదీతో, ఉత్తరం రూపంలో చెబితేనే ఇది పనికొస్తుంది. ఐదో ఏడు నిండకముందే ఒక వానాకాలం చూసుకుని అపార్ట్‌మెంటు మొత్తాన్ని తనిఖీ చేయించే అసోసియేషన్లు తెలివైనవి. ఆ గడువు దాటితే ఖర్చు కార్పస్ ఫండ్ మీద పడుతుంది, కార్పస్ ఫండ్ చాలాచోట్ల లిఫ్టు మరమ్మతుకే చాలదు.

అద్దెకుండేవాళ్ల వెనక ఆ మాత్రం కూడా లేదు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె కోసుకుంటామని ఒప్పందంలో రాస్తారు గానీ, ఎర్తింగు ఎవరి బాధ్యతో రాయరు. ఓనరు అమెరికాలోనో, వేరే ఊళ్లోనో ఉంటారు. ఇల్లు చూపించే బ్రోకరుకు బోర్డు ఎక్కడుందో కూడా తెలియదు. అడ్వాన్సు ఇచ్చి సామాను దించాక ఆర్సీసీబీ పెట్టించమంటే “చూద్దాం లెండి” అన్న జవాబే వస్తుంది. అదే మాట అడ్వాన్సు ఇవ్వకముందు అంటే, రెండు మూడు వేల ఆ ఖర్చుకు చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. తాము పెట్టించలేమంటే మొదటి నెల అద్దెలోంచి మినహాయించుకునేలా ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకుని, మీ ఎలక్ట్రీషియన్‌తో మీరే పెట్టించుకోండి.